కొలత ఇచ్చాకే

ఐదొందల కాపీలు ఒకేసారి వేయించడం
నా మొదటి తప్పు.
ముప్పైయేళ్ళుగా కొలత లేకుండా కత్తెర పట్టని దర్జీని,
ఎవరి ఒంటిమీదా టేపు పెట్టకుండా
ఐదొందల రవికలు కుట్టేసినట్టు.

శ్రీకాకుళం ప్రెస్సుకి కట్టింది
జత గాజుల్లో ఒకటి.
రెండోదీ తర్వాత పోయింది, అది వేరే సంగతి.
కట్టలన్నీ మంచం కింద.
ఆ వానాకాలం చెదలు ముందుమాట దగ్గర మొదలెట్టి
చివరి పేజీ దాకా వదలకుండా చదివాయి.
మిగిలిన కాగితాలు
చంక ముక్కల నమూనాలకి పనికొచ్చాయి.

పర్లాకిమిడిలో నా కొట్టు బోర్డు
సగం ఒడియా, సగం తెలుగు.
రెండింట్లోనూ బ్లౌజుకి తప్పే రాశాడు పెయింటరు.
కొలతల పుస్తకంలో ఎడమ పేజీన ఛాతీ, నడుము, చేతి పొడుగు.
కుడి పేజీన, కొలిచేటప్పుడు వాళ్ళు చెప్పినవి.
టేపు చుట్టూ ఉండగా ఊపిరి బిగబట్టిన మనిషి
అబద్ధమాడటం నేను చూళ్ళేదు.
ఆ కుడి పేజీలే నా పుస్తకం.

ఈసారి రీచార్జి కొట్టు దోళగోవింద చెప్పాడు:
"మావుసీ, అడిగినవాళ్ళకి అడిగినన్నే అచ్చేస్తారు.
ముందు డబ్బు కట్టక్కర్లేదు, మంచం కిందా ఏమీ ఉండదు."
కొలత ఇచ్చాకే కత్తిరింపా, అన్నాను.
వాడికి అర్థం కాలేదు. నాకయింది.

మా పిన్‌కోడుకి కొరియరు రాదన్నారు అప్పట్లో.
నమూనా కాపీ పాతపట్నంలో ఆగింది.
మహేంద్రతనయ వంతెన మీద నడిచివెళ్ళి తెచ్చుకుంటూ
సగం దారిలో అట్ట చించాను.
ఒత్తులన్నీ ఊడిపోయి ఉన్నాయి.
"అమ్మ" రెండు ముక్కలు.
అప్పలనర్సమ్మ ఎన్ని ముక్కలో లెక్కపెట్టలేదు.
సరే, కుట్టు విప్పి కుట్టడం నాకు కొత్తా.
పదకొండు రాత్రులు ఫాంటు మార్చాం,
మడత దగ్గర జాగా వదిలాం,
రేపు ఒళ్ళు చేస్తే అక్కరకొస్తుందని
రవిక లోపల గుడ్డ వదిలినట్టు.

వెల నూట అరవై.
నాకు మిగిలేది ఇరవైమూడు రూపాయల నలభై పైసలు,
హుక్కులు కుట్టిన కూలి.
మొదటి నెల రెండు అమ్ముడయ్యాయి.
ఒకటి నేనే కొన్నాను.
రెండోది సూరత్ నుంచి. ఎవరో ఇప్పటికీ తెలీదు.
ఏ మగ్గం గదిలో, ఏ షిఫ్టు దిగి చదివారో.

దుంపల సాయమ్మ మాత్రం తిరగేసి మూసేసింది.
"ఏటి రాసినావో నాకేటి తెలుస్తాదే?
మాట నాదే, అచ్చరం నాది కాదు గదా.
బడిలో మాకు ఒడియాయే సెప్పినారు."

నిజమే.
ఈ ఊళ్ళో చాలామందిమి తెలుగులో తిట్టుకుంటాం,
ఒడియాలో సంతకం పెడతాం.

అందుకని అదే మాటని
ఒడియా అక్షరాల్లో కుట్టాను.
దోళగోవింద టైపు కొడుతూ
"ఇది నేనూ చదవగలను మావుసీ" అని
మధ్యలో ఆగిపోయి చదువుకున్నాడు,
వాళ్ళ పెద్దమ్మ కుడి పేజీ అని తెలీక.
పదకొండుమంది అడిగారు.
పదకొండు కాపీలంటే ఏ ప్రెస్సువాడైనా
పెళ్ళి కార్డులా అనేవాడు.
ఈసారి ఎవరూ ఏమీ అనలేదు.
పదకొండే వచ్చాయి.

రెండేళ్ళకి, రెండు లిపులూ కలిపి,
మూడొందల నలభైయారు.
ఐదొందలకి ఇంకా చాలా తక్కువే.
కానీ మంచం కింద ఇప్పుడు
చెప్పులూ చీపురూ.

మొన్న సాయమ్మ రవిక ట్రయలుకొచ్చి
ఒక చెయ్యి తొడిగి, రెండోది తొడక్కుండా
పుస్తకంలో వేలు పెట్టి అడిగింది:
"ఇది నానన్నదే గదా?"
అవునన్నాను.
"ఇంత బాగా అన్నానేటి?"

కాసేపు మిషను చక్రం మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

"మా సెల్లికోటి తెప్పించు," అంది హుక్కులు పెట్టుకుంటూ.
"దానికి సూపు ఆనదు.
అచ్చరాలు కాస్త వదులుగా కుట్టు."

చెవి మీంచి పెన్సిలు తీసి
ఎడమ పేజీలో రాసుకున్నాను.